పేరుకే రెండించులు

అండాలమ్మకు నిప్పంటే భయం లేదు. ఏడాది పొడుగునా ఎల్బీ నగర్ బస్టాపు పక్కన తోపుడుబండి మీద బొగ్గులు రాజేసి మక్కకంకులు కాల్చి అమ్మే మనిషి. దీపావళికి మాత్రం ఆ బండిని గోడకు చేరేసి, అల్లుడు శ్రీనివాస్ మైదానంలో పెట్టే టపాకాయల దుకాణంలో కూర్చునేది. పెనిమిటి మట్టయ్య ఊళ్ళో వరికోతలకు పోయాడు. కూతురు మౌనిక వెనకాల పెట్టెలు విప్పి సరుకు అందిస్తుంటే, ముందు నిలబడి గిరాకీని పలకరించే పని అండాలమ్మది. "మా అత్తమ్మ మాట్లాడితే పోయే మనిషి సుత ఆగుతడు" అని శ్రీనివాస్ అందరితో చెప్పేవాడు. అబద్ధం కాదు. ఆమె మాటలో అమ్మకం కనబడదు. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

ఆ పండుగ మధ్యాహ్నం జనంలోంచి తోసుకుంటూ ఒకామె వచ్చింది. నలభై దాటని మనిషి. ఎండకు ముఖం కందిపోయింది. చంకకు గుడ్డసంచి.

"దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటానండీ. పరీక్షలు దగ్గర పడ్డాయని చాలామంది పిల్లలు పండక్కి ఇళ్ళకెళ్ళలేదు. పాపం, పొద్దుట్నించీ ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. పైకెళ్ళి పూలు పూసేది ఏదైనా ఇవ్వండి. కానీ చిన్నదై ఉండాలి. మా మేడ బాగా ఇరుకు. ఒకవైపు నీళ్ళ ట్యాంకులు, ఇంకోవైపు బట్టల తీగలు. మెట్రో రైల్లో కూర్చున్నవాళ్ళు మా పిల్లలకి చెయ్యూపొచ్చు, అంత దగ్గర."

అండాలమ్మ రంగురంగుల డబ్బా ఒకటి తీసింది. చదువు రాకపోయినా అంకెలు వచ్చు. డబ్బా మీద పెద్ద రెండు, దాని పక్కన పువ్వు బొమ్మ.

"గిది రెండించులదమ్మా. గొట్టంల పెట్టి వత్తి ముట్టిస్తె పైకి పోయి పూస్తది. గీ వరుసల అన్నిట్ల కన్న చిన్నది గిదే."

"పిల్లల మధ్యలో కాల్చొచ్చా అండీ? గ్యారంటీయేనా?"

"నా బిడ్డకిచ్చినట్టే ఇస్తున్ననమ్మా."

ఆమె నవ్వి మూడు డబ్బాలు తీసుకుంది. శ్రీనివాస్ ఫోనుకు డబ్బు వేసి, సంచి గుండెకు ఆనించుకుని మెట్రో స్టేషను వైపు కాక ఆటోల వైపు వెళ్ళింది. ఆమె వెనకాల ఇంకొకరు, వాళ్ళ వెనకాల ఇంకొకరు. అండాలమ్మకు ఆమె సంగతి మళ్ళీ గుర్తు రాలేదు.

పొద్దు ఫ్లైఓవరు వెనక్కి దిగుతుండగా తెల్ల లాల్చీ వేసుకున్న ఒక పెద్దాయన సరాసరి దుకాణం ముందుకొచ్చి, కాలిన అట్ట గొట్టాన్ని బల్ల మీద ఠపీమని పెట్టాడు. లాల్చీ భుజం దగ్గర బొక్కపడి చుట్టూ మసి.

"నా పేరు బాపిరాజు. వనస్థలిపురం. పొద్దున్న నీ దగ్గర రెండించులది కొన్నాను. కొన్నానా?"

"కొన్నరు సార్" అన్నాడు శ్రీనివాస్.

బాపిరాజు కుడిచెయ్యి పిడికిలి బిగించి, అందరూ చూస్తుండగా గొట్టంలోకి దూర్చాడు. మణికట్టు దాకా దూరిపోయింది.

"రెండించుల గొట్టంలో నా పిడికిలి ఎలా దూరిందయ్యా? ఇంకా చీకటి పడలేదు, ఊరికే చూద్దామని ఇంటిముందు ఒకటి వెలిగించాను. అది లేచిన ఊపుకి గొట్టం తిరగబడింది. పక్కింటి కారు అద్దం ముక్కలైంది. అదృష్టం బాగుండి పిల్లలు గేటు లోపల ఉన్నారు!"

శ్రీనివాస్ గొంతు తగ్గించాడు. "సార్, రెండించులంటే గది పేరు సార్. సైజు కాదు. బ్రాండు లెక్క."

"పేరా? పాలకోవా అని పేరు పెట్టి సున్నం అమ్ముతావా?"

ఆయన ఇంకా చాలాసేపు అరిచాడు. పోలీసులకు చెబుతానన్నాడు. చివరికి గొట్టాన్ని అక్కడే వదిలేసి, కాలిన భుజాన్ని దులుపుకుంటూ వెళ్ళిపోయాడు. చుట్టూ ఉన్న జనం కాసేపు గుసగుసలాడి మళ్ళీ చిచ్చుబుడ్ల బేరంలో పడ్డారు.

అండాలమ్మ ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. తన పిడికిలి పెట్టి చూసింది. గాజులతో సహా లోపలికి పోయింది.

"ఎరికేనా నీకు?" అంది అల్లుడి వైపు తిరిగి.

"ఏం ఎరిక?"

"గిది చిన్నది కాదని."

శ్రీనివాస్ చుట్టూ చూసి ఆమెను లోపలికి లాగాడు. "అత్తమ్మా, జర మెల్లగ. గింత పెద్దయి అమ్మెతందుకు మనకు పర్మిషన్ లేదు. అందుకే హోల్‌సేలోళ్ళే గట్ల రాసి పంపిండ్రు. మైదానంల అందరి దగ్గర గిదే సరుకు. నేనొక్కణ్ణే చేసిన్నా?"

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు అమ్మవని."

అండాలమ్మకు మధ్యాహ్నం వచ్చిన హాస్టలామె గుర్తొచ్చింది. ఇరుకు మేడ, బట్టల తీగలు, ముఖాలు వేలాడేసుకున్న పిల్లలు. నా బిడ్డకిచ్చినట్టే ఇస్తున్ననమ్మా. ఆ మాట ఎవరో నేర్పింది కాదు, తన నోటి నుంచి వచ్చిందే.

"హాస్టలామె ఫోన్ల పైసలేసింది కద. నంబరు చూడు."

శ్రీనివాస్ విసుగ్గా ఫోను తీశాడు. "పేరే కనబడ్తది, బిందుమాధవి అని. నంబరంత చుక్కలే. ఇడ్సిపెట్టు అత్తమ్మా, అందరు మంచిగనే కాల్చుకుంటరు."

"నేను పోతున్న."

"ఏడికి? దిల్‌సుఖ్‌నగర్‌ల ఇంటికొక హాస్టల్ ఉంటది. ఏడని దేవులాడ్తవ్?"

ఆమె అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

రోడ్డంతా బండ్లతో బిగుసుకుపోయి ఉంది. ఎదురొచ్చిన ఆటోవాళ్ళందరూ తలలు అడ్డంగా ఊపారు. అండాలమ్మ మెట్రో మెట్లెక్కింది. పైన తనిఖీ దగ్గర కాపలా మనిషి ఆమె చీర నుంచి కొట్టే మందు వాసనకు ముక్కు ఎగబీల్చి, "టపాకాయలున్నయా?" అని అడిగాడు. ఆమె రెండు చేతులూ చాచి చూపించింది. "ఏం లేవు బిడ్డా. జల్ది ఇడువు."

రైల్లో సీటు ఉన్నా కూర్చోలేకపోయింది. తలుపు అద్దానికి ముఖం ఆనించి మేడలు చూస్తూ నిలబడింది. మెట్రోలోంచి చెయ్యూపొచ్చన్నది గదా. మేడల మీద ప్రమిదలు వెలిగిస్తున్నారు. ఎక్కడో ఒక రాకెట్టు రైలుకు సమానంగా లేచి పక్కకు వాలిపోయింది. చైతన్యపురి దాటింది. నీళ్ళ ట్యాంకులు లేని మేడ ఒక్కటీ లేదు, బట్టలు లేని మేడ ఒక్కటీ లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. తప్పు వైపు తలుపు దగ్గర నిలబడ్డానేమోనని అటు పరుగెత్తింది, మళ్ళీ ఇటొచ్చింది. ఎదురు సీట్లో పిల్లను ఒళ్ళో పెట్టుకున్న ఒకామె జంకి పిల్లను దగ్గరికి లాక్కుంది.

దిల్‌సుఖ్‌నగర్ వస్తుందనగా కనబడింది. మూడు నల్ల ట్యాంకులు, వాటి ముందు వరసలు వరసలుగా చున్నీలు, మధ్యలో గుంపుగా ఆడపిల్లలు. పక్కన కోచింగ్ సెంటర్ హోర్డింగు వెనకవైపు ఇనప చట్రం. రెప్పపాటులో వెనక్కి పోయింది.

స్టేషను దిగి వెనక్కి నడిచింది. నడిచిందంటే నడక కాదు, మోకాళ్ళు సహకరించినంత పరుగు. కింది నుంచి చూస్తే అన్నీ హోర్డింగులే, అన్నిటి మీదా ర్యాంకులొచ్చిన పిల్లల ముఖాలే. ఒక సందులోకి తిరిగితే అది మగపిల్లల హాస్టల్. "ఆంటీ, గిక్కడ ఆడోళ్ళు లేరు" అని నవ్వారు. రెండో సందులో ఇడ్లీ బండి కడుక్కుంటున్న ఒకామెను పట్టుకుని, "బిందుమాధవి మేడం హాస్టల్ ఏది తల్లీ?" అని అడిగింది. ఆ మనిషి తడిచెయ్యి ఎత్తి ఎదురుగా ఉన్న నాలుగంతస్తుల ఇల్లు చూపింది. కింద కళ్ళద్దాల కొట్టు, దానికి షట్టరు దించి ఉంది.

రెండో అంతస్తు మెట్ల మీద ఉండగా పెద్ద చప్పుడైంది. సాయంత్రం నుంచీ వినబడుతున్న చప్పుళ్ళలాంటిది కాదు. గోడ అదిరి ఆమె చేతికింద కంపించింది. ఆ వెంటనే పిల్లల అరుపులు.

ఆమె ఎట్లా ఎక్కిందో ఆమెకే తెలియదు. పైన తలుపు తోసుకుని వెళ్తే పొగలో మొదట ఏమీ కనబడలేదు. తర్వాత తీగ కింద మండుతున్న దుప్పటి, ట్యాంకుల వెనక ఒకరినొకరు పట్టుకుని నక్కిన పిల్లలు, బకెట్టుతో నీళ్ళు విసిరికొడుతున్న ఒక సన్నటి అమ్మాయి. గొట్టం మేడ మధ్యలో పక్కకు పడి ఉంది. పిట్టగోడకు పొయ్యి నోరంత నల్లటి మచ్చ.

బిందుమాధవి ట్యాంకుకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యిని మరో చేత్తో మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తి చూసుకుంటోంది. అరచేతి తోలు తెల్లగా ఉబ్బింది.

అండాలమ్మ రెండో బకెట్టు అందుకుంది. దుప్పటి ఆరిపోయాక ఆ సన్నటి అమ్మాయి వగరుస్తూ చెప్పింది. ఆమె పేరు జ్యోతిక. "మేడమే ముట్టిచ్చిండ్రు. గది లేసెటప్పుడె గొట్టం బొక్కబోర్ల పడ్డది. లోపలి గుండు గోడకు తగిలి బట్టలల్ల పేలింది. కాలే దుప్పటొచ్చి మా రూముల అమల మీద పడ్డది. మేడం ఒట్టి చేతులతోని గుంజేసిండ్రు."

"తక్కినయి ఏడున్నయి?"

జ్యోతిక తలుపు వైపు చూపింది. గడప దగ్గర, వెలుగుతున్న ప్రమిదల వరసకు జానెడు దూరంలో రెండు డబ్బాలు. అండాలమ్మ వాటిని తీసి బకెట్టులో ముంచి, తేలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది. అట్టలు మెత్తబడి వేళ్ళ మధ్య నలిగేదాకా వదల్లేదు.

"ఎవరండీ మీరు?" అంది బిందుమాధవి. చెవుల్లో హోరు వల్ల కాబోలు, గట్టిగా అరిచినట్టు అడిగింది.

"నేనే అమ్మిన" అంది అండాలమ్మ.

"ఆఁ?"

"నేనే అమ్మిన మేడం."

"వినబడ్డంలేదండీ!"

"నేనే అమ్మిన!" అండాలమ్మ గొంతు చించుకుంది. "గిది చిన్నది కాదు! డబ్బా మీద అబద్ధం రాసిండ్రు! చెప్తామని ఒచ్చిన!"

కింద సందులో ఎవరివో లక్ష్మీబాంబులు పేలాయి. బిందుమాధవి ఆమెను కాసేపు చూసి గుర్తుపట్టింది.

"మీరు చిన్నదన్నారుగా" అంది, అంతే గట్టిగా.

తిట్టి ఉంటే బాగుండేదని అండాలమ్మకు తోచింది.

ఆమె, జ్యోతిక కలిసి బిందుమాధవిని ఆటోలో దగ్గర్లోని దవాఖానకు తీసుకెళ్ళారు. అమలకు ఏమీ కాలేదు, జుట్టు చివర్లు మాత్రం కమిలాయి. దవాఖాన బెంచీల నిండా కళ్ళు మూసుకున్నవాళ్ళు, వేళ్ళకు తడిగుడ్డ చుట్టుకున్నవాళ్ళు. అండాలమ్మ ఒక్కొక్కరినీ తేరిపారా చూసింది. వీళ్ళలో తన దగ్గర కొన్నవాళ్ళు ఉన్నారేమోనని. ఒక మనిషి ముఖం తెలిసినట్టే ఉంది. తెలిసినట్టు ఉండడమే తప్ప గుర్తు రాలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియలేదు.

అరచెయ్యి మానుతుందన్నారు. చెవులు రెండు రోజుల్లో మళ్ళీ చూపించుకోవాలన్నారు. కట్టు కట్టించుకుని బయటికొచ్చాక బిందుమాధవి మొదట అడిగింది పిల్లలు అన్నాలు తిన్నారా అని. జ్యోతిక ఫోను చేసి కనుక్కుంది.

"అమ్మా, తప్పయింది" అంది అండాలమ్మ ఆమె చెవి దగ్గరికి వంగి.

"మీరొచ్చారు, సరే. వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్ చేస్తే నేనేం చెప్పాలండీ?" బిందుమాధవికి కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. "ఇంకెంతమందికి ఇచ్చారివి?"

అండాలమ్మ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టబోయింది. భుజం మీద పిల్లను కూర్చోబెట్టుకున్నవాడు. గోరింటాకు చేతుల కొత్త పెళ్ళికూతురు. అపార్ట్‌మెంటు వాళ్ళందరికీ కలిపి కొన్న ముసలాయన. అందరితోనూ చిన్నదే అంది.

"తెలవదమ్మా."

"మా ఇల్లు దొరికిందిగా మీకు" అంది బిందుమాధవి. జ్యోతిక భుజం పట్టుకుని ఆటో వైపు నడిచింది.

షేర్ ఆటోలో తిరిగొస్తుంటే పైన పూసిన ప్రతి పువ్వుకూ అండాలమ్మ భుజాలు ముడుచుకున్నాయి. పక్కనున్నవాళ్ళు అబ్బ అంటూ మెడలు చాచి చూస్తున్నారు.

దుకాణం ముందు ముగ్గురు కుర్రవాళ్ళు నిలబడి ఉన్నారు. శ్రీనివాస్ వాళ్ళకు అవే డబ్బాలు అందిస్తున్నాడు. అండాలమ్మ మధ్యలోకి చొరబడి అతని చేతిలోంచి డబ్బా లాక్కుంది.

"గిది రెండించులు కాదు బిడ్డా. పిడికిలంత ఉంటది. మనుషులు కాలుతున్నరు."

"ఔనా? గట్లయితే ఇంకా మంచిగుంటది ఆంటీ. ఇంకో రెండియ్యి!" అన్నాడొకడు.

ఆమె వాడి ముఖం వంక చూసింది. చెప్పినా విననివాళ్ళు ఉంటారని ఆమె అనుకోలేదు. ఆ డబ్బాను తీసుకెళ్ళి, దుకాణం మూల నిప్పు ఆర్పడానికి పెట్టిన నీళ్ళ డ్రమ్ములో పడేసింది. వెనక్కొచ్చి వరసలోంచి ఇంకో నాలుగు తీసింది.

"అత్తమ్మా! పిచ్చి లేసిందా!" శ్రీనివాస్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నా ఏడాది కష్టం గిది. ఇంటి కిరాయి ఎట్ల కడ్త?"

"చెయ్యి ఇడువు."

"ఇడువ."

మౌనిక పెట్టెల వెనక నుంచి లేచొచ్చింది. తల్లి చీర కొంగుకు మసి, మోచేతి దాకా తడి. "ఏమైందమ్మా?" అంది. అండాలమ్మ చెప్పింది. మేడ, దుప్పటి, అరచెయ్యి. మూడు ముక్కల్లో చెప్పింది. మౌనిక మొగుడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. తర్వాత తనే ఒక డబ్బా తీసి డ్రమ్ములో వేసింది.

పక్క దుకాణం కిష్టమ్మ ఇదంతా చూస్తోంది. ఆమె బల్ల మీద కూడా ఆ పువ్వు బొమ్మ డబ్బాలే. కుర్రవాళ్ళు అటు తిరిగారు. కిష్టమ్మ ఒక్క క్షణం ఊగిసలాడింది. ఆ తర్వాత వాళ్ళకు అమ్మనే అమ్మింది. అండాలమ్మ తమ వరసలో మిగిలిన డబ్బాలు అందుకుంది.

డ్రమ్ము నిండి నీళ్ళు అంచుల మీంచి కారుతుంటే శ్రీనివాస్ తన మోటారుబండి సీటు మీద అడ్డంగా కూర్చుని తల పట్టుకున్నాడు. మౌనిక నీళ్ళసీసా ఇస్తే తాగలేదు. ఉన్నట్టుండి ఫోను తీసి ఎవరికో కలిపాడు. ఎత్తలేదు. మళ్ళీ కలిపాడు.

"ఎవరికి?" అంది మౌనిక.

"నాకు చదువు చెప్పిన ఇందిరాదేవి టీచరమ్మకు." అతను తల ఎత్తలేదు. "వనస్థలిపురం. మనవలు ఒచ్చిండ్రని పొద్దుగాల రెండు డబ్బాలు తీస్కపోయింది. చిన్నయేనా శ్రీనూ అనడిగింది."

"నువ్వేమన్నవ్?"

అతను మూడోసారి కలిపి, మోగి మోగి ఆగిపోయాక ఫోను జేబులో పడేసి బండి స్టార్ట్ చేశాడు.

"ఎక్కు అత్తమ్మా."

వనస్థలిపురం సందుల్లో రోడ్డు మధ్యలోనే భూచక్రాలు తిరుగుతున్నాయి. శ్రీనివాస్ వాటి పక్కనుంచి బండిని కోసుకుంటూ నడిపాడు. టీచరమ్మ ఇంటిముందు ఆపీ ఆపకముందే అండాలమ్మ దూకింది. అరుగు మీద మనవలు కాకరపువ్వొత్తులు తిప్పుతున్నారు. పువ్వు బొమ్మ డబ్బాల్లో ఒకటి విప్పి ఉంది. గొట్టాన్ని తులసికోట పక్కన నిలబెట్టారు. వత్తి ఇంకా పొడుగ్గానే ఉంది.

ఇందిరాదేవి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "శ్రీనూ! పండక్కి వచ్చి ఎంత మంచి పని చేశావు! ఉండు, బొబ్బట్లు తెస్తాను."

"ఒద్దు టీచరమ్మా." అండాలమ్మ నోరు తెరిచేలోగానే అతను అందుకున్నాడు. "నేను నీకు అబద్ధం చెప్పిన. గివి చిన్నయి కావు. నాకు ఎరికే."

ఆ పెద్దావిడ ముఖంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు. మనవల్ని లోపలికి పొమ్మంది. శ్రీనివాస్ గొట్టంలోంచి గుండు తీశాడు, తెరవని డబ్బా కూడా తీసుకున్నాడు. అండాలమ్మ పెరట్లో కుళాయి కింద రెండింటినీ తడిపేసింది. వెళ్తామని చెప్పినప్పుడు ఇందిరాదేవి తల ఊపింది తప్ప మళ్ళీ రమ్మనలేదు.

బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డారు. శ్రీనివాస్ తాళంచెవి తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"ఇంకెవరు యాదికున్నరు?" అంది అండాలమ్మ.

"గీ లైన్లనే నాగార్జున అని, ఫ్రిజ్జులు బాగు చేస్తడు. గాయిన ఇల్లు తెలుసు. తర్వాత..." అతను కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "తర్వాత జర యాది చేసుకోవాలె."

"చేస్కో. నేను సుత చేస్త."

బండి అక్కడే వదిలేసి ఇద్దరూ నడిచారు. నాగార్జున ఇంటి గేటు మూసి ఉంది. లోపల టీవీ మోగుతోంది, మేడ మీద ఎవరో నవ్వుతున్నారు. అండాలమ్మ గేటు గడియ పట్టుకుని గట్టిగా ఆడించింది. శ్రీనివాస్ పేరు పెట్టి కేక వేశాడు. టపాకాయల మోతలో ఆ కేక పక్కింటి దాకా కూడా పోయినట్టు లేదు. అతను ఇంకోసారి, ఇంకా గట్టిగా పిలిచాడు.

"ఆఁ, ఒస్తున్న!" అన్నారెవరో పైనుంచి.